ఫోను మనదే... ఖాతా ఎవరిది?

చీర కొనాలంటే మనల్ని కొట్టుకి తీసుకెళ్తారు. పది చీరలు విప్పించి, వెలుతురులో పెట్టి చూసి, అంచు నచ్చలేదని మళ్ళీ మడత పెట్టించే హక్కు మనకుంది. అదే ఫోను దగ్గరికొచ్చేసరికి మనం కొనుక్కోం, అది మనింటికి 'వచ్చేస్తుంది'. అబ్బాయి కొత్తది కొనుక్కుంటే వాడి పాతది అమ్మకి. అల్లుడు అమెరికా నుంచి వస్తూ వస్తూ తెచ్చిన ఐఫోను అత్తగారికి. శ్రీవారికి ఆఫీసులో కొత్తది ఇస్తే, గీతలు పడ్డ శామ్‌సంగ్ మనకి. మీ ఇంట్లో అలా కాదంటే సంతోషమే. నేనెరిగిన చాలా ఇళ్ళ సంగతి మాత్రం ఇదే.

అలాగని ఇంట్లో ఫోన్ల మీద చర్చే ఉండదని కాదు. భోజనాల దగ్గర కూర్చుంటే చాలు, ఒకప్పుడు ఎన్టీఆర్ అభిమానులూ ఏఎన్నార్ అభిమానులూ వాదించుకున్నట్టు వాదించుకుంటారు. ఒకరిది ఐఫోను పార్టీ, ఒకరిది ఆండ్రాయిడ్ పార్టీ. కెమెరా అంటారు, చిప్ అంటారు, బ్యాటరీ అంటారు. మనం మజ్జిగ పోస్తూ వింటాం. "వాట్సాప్ చూసుకోడానికి నీకు ఏదైతేనేం" అని ఓ మాట మన కంచంలో కూడా వడ్డిస్తారు.

ఏదైతేనేం? ఈ మాట దగ్గరే నాకు పేచీ. గ్యాసు బుకింగు మన ఫోన్లోంచే. పిల్లల స్కూలు గ్రూపు, పాలవాడి లెక్క, మావగారి బి.పి. మందుల చీటీ ఫొటో, చంటిది మొదటిసారి నిలబడ్డప్పుడు తీసిన వీడియో, నాలాంటి దానికైతే సగం రాసి ఆపేసిన కథలు... మొత్తం సంసారం ఎవరి ఫోన్లో ఉందో ఒక్కసారి ఆలోచించండి. మగవాళ్ళ ఫోన్లో కాగితం పోతే ఆఫీసు వాళ్ళు ఇంకోటి పంపిస్తారు. మన ఫోన్లోవి పోతే ఇంకోటి పంపేవాళ్ళెవరు?

ఇంతకీ ఏమిటీ రెండు పార్టీలు? 2007లో ఆపిల్ కంపెనీ ఐఫోను తెచ్చింది. ఫోనూ వాళ్ళదే, లోపల నడిచే ప్రోగ్రామూ వాళ్ళదే. మరుసటి ఏడు మొదటి ఆండ్రాయిడ్ ఫోను బజార్లోకొచ్చింది. దీంట్లో ప్రోగ్రాము గూగుల్‌ది, ఫోను మాత్రం శామ్‌సంగ్, షావోమీ, వివో... ఎవరైనా చెయ్యొచ్చు. అందుకే ఆండ్రాయిడ్‌లో పదివేలదీ ఉంది, లక్ష దాటినదీ ఉంది. ఐఫోనులో ఆ వెసులుబాటు లేదు. 2010లో ఐప్యాడ్ వచ్చాక ట్యాబ్‌లకి కూడా ఇదే గీత పడింది. గీతకి ఒక పక్కనున్నవన్నీ ఒకదానితో ఒకటి ముచ్చటగా మాట్లాడుకుంటాయి. ఐఫోనులో తీసిన ఫొటో ఐప్యాడ్‌లో తనంతట తానే ప్రత్యక్షమవుతుంది. గీత దాటితే మాత్రం మొహం తిప్పేసుకుంటాయి. దీన్నే పిల్లలు 'ఇకోసిస్టమ్' అంటున్నారు. నాకైతే మెట్టినిల్లు గుర్తొస్తుంది. సారెతో, మేళతాళాలతో లోపలికి తీసుకెళ్తారు. మన సామాను మనం తీసుకుని బయటికి రావాల్సి వచ్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

మూడో ఇల్లు కూడా ఒకటుండేది, గుర్తుందా? మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, ముచ్చటపడి నోకియా లూమియా కొన్నారు. పసుప్పచ్చది, చూడ్డానికి ఎంత బాగుండేదో! అందులో నడిచేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్. ఫోను మహా గట్టిది, ఎన్నిసార్లు కింద పడ్డా ఏమీ కాలేదు. కానీ 2019 డిసెంబరు ఆఖరుతో విండోస్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. 2020 జనవరితో మైక్రోసాఫ్ట్ కూడా చేతులు దులిపేసుకుంది. వస్తువు బాగానే ఉంది, ఇల్లే మూతబడింది. అన్నయ్యగారు ఇప్పుడు దాన్ని కాగితాలెగరకుండా బరువు పెట్టుకోడానికి వాడుతున్నారు.

ఈ గోడల గురించి ఇంకో కబురు చెప్పాలి. 2022 సెప్టెంబరులో అమెరికాలో ఒక సభలో, ఆపిల్ అధిపతి టిమ్ కుక్‌ని ఒకరు అడిగారు - తన ఐఫోను నుంచి పంపే వీడియోలు వేరే ఫోనున్న తన తల్లికి కొన్ని సరిగ్గా అందడం లేదని. మీ అమ్మకి ఐఫోను కొనిపెట్టండి అని ఆయన జవాబు! హాస్యానికే అన్నాడనుకోండి. కానీ చూశారా, గోడ కట్టింది కంపెనీ, దూకాల్సింది మాత్రం అమ్మ. 2024లో ఐఫోన్లలో ఆర్‌సీఎస్ అనే కొత్త మెసేజీ పద్ధతి పెట్టాక అక్కడివాళ్ళకి ఆ బాధ కొంత తగ్గింది. మనకిక్కడ ఆ గొడవ పెద్దగా అంటలేదు, మన కబుర్లన్నీ వాట్సాప్‌లోనే కనక. ఆపిల్ వాళ్ళ ఫేస్‌టైమ్ కూడా అంతే. 2021 నుంచి ఐఫోను ఉన్నవాళ్ళు లింకు పంపితే ఆండ్రాయిడ్ వాళ్ళు కూడా మాట్లాడొచ్చు. "మనవణ్ణి చూడాలంటే మీరు ఐఫోను కొనాల్సిందే అత్తయ్యా" అని అమెరికా కోడలు అందంటే, పాపం ఆ పిల్లకి తెలియక అని ఉంటుంది.

అలాగని వాట్సాప్ రెండువైపులా ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఈ ఇంటి వాట్సాప్‌లోని మాటలు ఆ ఇంటికి వాటంతట అవి నడిచి రావు. 2021 దాకా అసలు కంపెనీ వేసిన దారే లేదు. ఆ ఏడు ఐఫోను నుంచి శామ్‌సంగ్‌కీ, 2022లో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకీ దారి తెరిచారు. అందులోనూ ఓ మడతపేచీ. ఆండ్రాయిడ్ నుంచి వెళ్ళేవాళ్ళు కొత్త ఐఫోనుని మొట్టమొదట తెరిచి అమర్చుకునేటప్పుడే 'మూవ్ టు ఐఓఎస్' అనే ఆప్ పెట్టి పాతవన్నీ తెచ్చుకోవాలి. తర్వాత తీరిగ్గా చూసుకుందాం, గూగుల్‌లో బ్యాకప్ ఉందిగా అనుకుంటే, ఆ బ్యాకప్‌ని ఐఫోను ముట్టుకోదు.

మా తోటికోడలికి జరిగింది ఇదే. వాళ్ళమ్మగారు పోయి రెండేళ్ళు. ఆవిడకి టైపు చెయ్యడం రాదు, అన్నీ వాయిస్ మెసేజీలే. ఉసిరికాయ పచ్చడికి ఉప్పెంత, కారమెంత అని ఒకటి, "ఏమే, తిన్నావా" అని ఇంకోటి. మా తోటికోడలు అవి అప్పుడప్పుడూ వింటూండేది. కొడుక్కి ఉద్యోగమొచ్చి మొదటి బోనసుతో అమ్మకి ఐఫోను కొన్నాడు. పావుగంటలో సిమ్ మార్చేసి, "అయిపోయిందమ్మా" అన్నాడు. పాతది అక్కడే ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాడు, రెండువేలు తగ్గాయి. రాత్రి ఆవిడ అమ్మ పేరు కోసం వెతికితే ఏముంది, ఖాళీ. వాణ్ణి అనడానికి నోరు రాలేదు, ప్రేమగా తెచ్చాడు కదా. "నాన్నా, ఆగు, ముందు నావి దీంట్లోకి రానీ" అనాలని ఆవిడకి ముందుగా ఎవరు చెప్పారు?

ఇక అద్దె సంగతి. గూగుల్ 15 జి.బి. చోటు ఉచితంగా ఇస్తుంది, ఆపిల్ 5 జి.బి. ఇస్తుంది. ఒకప్పుడు గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఊరికే దాచుకోనిచ్చేవారు. బాగా అలవాటయ్యాక, 2021 జూన్ 1 నుంచి అదీ లెక్కలోకి తెచ్చారు. 2024లో వాట్సాప్ బ్యాకప్‌ని కూడా ఆ పదిహేనులోనే కలిపేశారు. నిండాక నెలనెలా వంద రూపాయలకి అటూ ఇటూగా కట్టాలి. కట్టడం తప్పని నేననను, పాలకీ పేపరుకీ కడుతున్నాం. కానీ ఈ అద్దె ఎప్పటికీ ఉంటుందని ముందే తెలిసి కట్టాలి. ఏడాదికోసారి ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువాలో పడెయ్యండి. మా ఇంట్లో సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు ఆ పని కూడా చేస్తాం.

ఇప్పుడు అసలు విషయం. ఆండ్రాయిడ్‌కి గూగుల్ ఖాతా, ఐఫోనుకి ఆపిల్ ఖాతా. ఫోను బిల్లు ఎవరి పేరున ఉన్నా ఒకటే, ఈ ఖాతా ఎవరి పేరున, ఎవరి నంబరు మీద ఉందో వాళ్ళదే ఇల్లు. మా వీధిలో ఒక పెద్దమ్మగారికి డల్లాస్‌లో ఉన్న కొడుకు తన పాత ఐప్యాడ్ ఇచ్చి వెళ్ళాడు, తన ఖాతాతో సహా. ఆవిడకి ఓ భక్తి పాటల ఆప్ కావాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది, కోడ్ డల్లాస్ వెళ్తుంది. మనకి పొద్దున్న, వాళ్ళకి రాత్రి. "రేపు చూద్దాంలే అమ్మా" అంటాడు. అంతేనా? ఈవిడ తీసిన తులసికోట ఫొటోలు అబ్బాయి ఫోన్లో తేల్తాయి, వాళ్ళ ఆఫీసు పార్టీ ఫొటోలు ఈవిడ ఐప్యాడ్‌లో దిగుతాయి. ఇద్దరికీ ఇబ్బందే. పైగా 2013 నుంచి ఆపిల్ వాళ్ళ వస్తువులకి ఒక తాళం ఉంది. పాత యజమాని తన ఖాతా తియ్యకపోతే, ఆ పాస్‌వర్డ్ లేకుండా ఇంకొకరు దాన్ని మళ్ళీ మొదటినుంచి అమర్చుకోలేరు. దొంగలకి మంచి మందే గానీ, అడగకుండా పుచ్చుకున్న అమ్మలకీ అదే తాళం.

ఖాతాలు ఎవరివి వాళ్ళకుంటే కుటుంబంగా కలవడానికి అడ్డేమీ లేదు. రెండు కంపెనీల్లోనూ ఆరుగురు వరకూ ఒక గ్రూపుగా చేరి, ఒకరు అద్దె కడితే అందరూ ఆ చోటు వాడుకోవచ్చు. ఎవరి ఫొటోలు వాళ్ళకే. ఉమ్మడి వంటిల్లు, విడి గదులు అన్నమాట! నాకీ పద్ధతి నచ్చింది.

చెప్పడానికి బాగుండదు గానీ ఇంకోటుంది. ఇంటాయన హఠాత్తుగా పోతే బ్యాంకు కాగితాలకి నామినీ ఉంటారు. ఫోనుకో? తాను పోయాక తన గూగుల్ ఖాతాలోవి ఎవరికి అందాలో ముందే రాసిపెట్టుకునే వీలు 2013 నుంచి ఉంది. ఆపిల్‌లో 2021 డిసెంబరులో వచ్చింది, 'లెగసీ కాంటాక్ట్' అంటారు. ఇల్లు నడిపే ఆవిడ తన ఖాతాలో ఒక పేరు పెట్టుకుని, ఆయన ఖాతాలో తన పేరు పెట్టించుకోవడం అపశకునం కాదు. ఎల్.ఐ.సి. పాలసీలో సంతకం పెట్టేటప్పుడు శకునం చూశామా?

నా ఓటు ఎటంటారా? ఆండ్రాయిడ్‌కే. నా దగ్గరున్నది మధ్యరకం ఫోను. మా ఊళ్ళో స్క్రీను పగిలితే సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు. రేపు శామ్‌సంగ్ వదిలి ఇంకో కంపెనీది కొన్నా నా గూగుల్ ఖాతా మారదు, అదే ఖాతా ఐఫోనులో కూడా తెరుచుకుంటుంది. ఆపిల్ నోట్స్‌లో రాస్తే దానికి ఆండ్రాయిడ్‌లో ఆప్ లేదు. కథ రాసేదాన్ని, రెండు పక్కలా తెరుచుకునే చోటే రాసుకుంటాను. 2017లో గూగుల్ తెలుగులో మాట్లాడితే టైపు చేసే సదుపాయం తెచ్చాక, చెయ్యి ఖాళీ లేనప్పుడు పొయ్యి దగ్గరే కథ చెప్పేస్తున్నాను. పోపు చప్పుడు కూడా రాసేస్తుందేమో అని భయపడ్డాను గానీ, రాయలేదు. ఐఫోనుకీ తెలుగుకీ ఓసారి చిత్రమైన పేచీ వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక పద్ధతిలో కూర్చి పంపితే, చదవబోయిన ఆప్‌లు టపటపా మూసుకుపోయాయి. కొద్దిరోజుల్లోనే సరిచేశారు. జ్ఞానం మొయ్యలేకపోయిందని మా వారు వేళాకోళం.

ఐఫోను చెడ్డదని కాదు సుమండీ. చాలా ఏళ్ళు వస్తుంది, తిరిగి అమ్మితే ధర పలుకుతుంది. ఆండ్రాయిడ్‌లో ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్న మాట 2023, 2024ల్లో వచ్చిన ఖరీదైన ఫోన్లతో మొదలైంది, చౌక రకాల్లో చాలావాటికి అంత ఆయుష్షు లేదు. గూగుల్ ధర్మాత్మురాలని కూడా నేననడం లేదు. ఆండ్రాయిడ్ మీద తన పెత్తనాన్ని దుర్వినియోగం చేసిందని 2022 అక్టోబరులో మన దేశపు పోటీ కమిషన్ 1,337 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. 2024 మార్చిలో ఆపిల్ మీద అమెరికా ప్రభుత్వమే దావా వేసింది. ఇద్దరు ఇంటివాళ్ళూ తాళాలు వెయ్యడంలో ఆరితేరినవాళ్ళే. నేను చూసేదల్లా, దొడ్డి గుమ్మం ఎవరింట్లో కాస్త వెడల్పుగా ఉందా అని.

ఇప్పుడు మా ఇంట్లో ట్యాబ్ గొడవ నడుస్తోంది. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. స్నేహితురాళ్ళ దగ్గరుంది కనక ఐప్యాడే కావాలంటుంది. వాళ్ళ నాన్న అందులో సగం ధరకి ఆండ్రాయిడ్‌ది చూపిస్తున్నారు. ఈసారి కొట్టుకి నేనూ వెళ్ళాను. "ఇది రెండేళ్ళు దీనిమీద చేత్తో నోట్సు రాసుకుంటుంది. తర్వాత వేరే రకం కొంటే ఆ నోట్సు దానిలోకొస్తుందా బాబూ?" అని అడిగాను. "అదంతా క్లౌడ్‌లో ఉంటుంది ఆంటీ" అన్నాడు. ఎవరి క్లౌడ్‌లో? ఇందులో ఒక పేజీ రాసి, నా ఫోనుకి పంపి, నా ఫోన్లో తెరిచి చూపించమన్నాను. ఆ ముక్కకి ఇంటర్నెట్ లేదట, ఆదివారం రమ్మన్నాడు. డబ్బు నా సంచిలోనే ఉంది. ఆదివారం వెళ్తాం.