పైకప్పు మీద కూరగాయల మడి

మా అక్క కూతురికి మూడేళ్లు నిండాయి. జూన్‌లో ఎక్కడో ఒకచోట చేర్పించాలి కదా అని మొన్న అక్కతో కలిసి ఓ ప్లేస్కూల్ చూడ్డానికి వెళ్లా. మూడంతస్తుల బిల్డింగ్, కింద పార్కింగ్, గోడల నిండా జిరాఫీలు, ఏనుగులు. ఆడుకునే చోట పచ్చటి గడ్డి. ముట్టుకుంటే ప్లాస్టిక్! "మా దగ్గర పిల్లలకి మట్టే అంటదు మేడమ్" అంది అక్కడావిడ గర్వంగా. అక్కకి అది నచ్చింది. నాకే ఎక్కడో కలుక్కుమంది.

ఇంటికొచ్చి ఫోన్‌లో వేరే బడి ఫొటోలు చూపించా. వియత్నాంలోని డాంగ్ నాయ్ అనే పారిశ్రామిక ప్రాంతంలో ఉంది. ఓ పెద్ద చెప్పుల ఫ్యాక్టరీ పక్కన, అందులో పనిచేసే వాళ్ల పిల్లలు 500 మంది కోసం 2013లో కట్టారు. డిజైన్ వో ట్రాంగ్ న్గియా ఆర్కిటెక్ట్స్‌ది. పైనుంచి చూస్తే అచ్చం మన మెలికల ముగ్గే. ఒకే గీత చుట్టలు చుట్టుకుంటూ వచ్చి మళ్లీ తనలోనే కలిసిపోతుంది. ఆ మెలికల మధ్య మూడు ఆటస్థలాలు. బిల్డింగ్ పైకప్పంతా గడ్డే, నిజం గడ్డి! అది వాలుగా నేల దాకా దిగుతుంది కాబట్టి పిల్లలు నడుచుకుంటూ పైకెళ్లిపోతారు. అక్కడ 200 చదరపు మీటర్లలో ఐదు రకాల కూరగాయల మడి.

"బాగా డబ్బున్న వాళ్ల స్కూలేమో" అంది అక్క. అదే కాదు! తక్కువ ఖర్చులో, అక్కడ దొరికే సామాన్లతోనే కట్టారు. క్లాసుల్లో ఏసీలు లేవు. గదికి రెండు వైపులా కిటికీలుంటాయి, గాలి ఇటు నుంచి అటు పోతుంది. నెత్తి మీద మట్టీ గడ్డీ ఉన్నాయి కాబట్టి ఎండ నేరుగా లోపలికి దిగదు. మొక్కలకి ఫ్యాక్టరీ వాడేసిన నీళ్లనే శుద్ధి చేసి పెడతారు. అక్కడి ఎండ మన మే నెలంత కాకపోవచ్చు గానీ, ఉక్కపోతలో బెజవాడకేం తీసిపోదు.

"పైకెక్కితే పడిపోరూ?" అక్క రెండో ప్రశ్న. టోక్యో దగ్గర తచికావాలో ఫుజి కిండర్‌గార్టెన్ అని ఉంది. దాని గుండ్రటి పైకప్పు మీదే పిల్లలు రోజంతా పరుగులు పెడతారు. కప్పును చీల్చుకుని పెద్ద చెట్లు పైకొస్తాయి. ఆ సందుల్లో పడకుండా వలలు కట్టారు. పిల్లలు ఆ వలల్లో కూడా ఊగుతారనుకోండి, అది వేరే సంగతి.

ఇక మట్టి సంగతి. ఫిన్లాండ్‌లో కొన్ని డేకేర్ల కంకర ఆవరణల్లో అడవి నేలని తెచ్చి పరిచారు. పిల్లలు 28 రోజులు అందులో ఆడుకున్నాక చూస్తే వాళ్ల చర్మం మీద మేలుచేసే సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో రోగనిరోధక శక్తిని తెలిపే కొన్ని గుర్తులూ మెరుగుపడ్డాయి. 2020లో వచ్చిన పరిశోధన ఇది. 75 మంది పిల్లలే కాబట్టి దీంతో అంతా తేలిపోయిందని నేననను. కానీ "మట్టే అంటదు" అనేది గొప్పగా చెప్పుకునే విషయమా అన్న అనుమానం మాత్రం గట్టిపడింది.

మన దగ్గర చాలా ప్లేస్కూళ్లు అద్దె ఇళ్లలోనే కదా. డాబా మీద లారీడు మట్టి పోస్తే ఓనర్ ఊరుకోడు, అసలు స్లాబే ఆగదు. సరే, నాలుగు టబ్బుల్లో మెంతులు చల్లడానికేం? మూడు నాలుగు రోజుల్లో మొలకలొచ్చేస్తాయి. మూడేళ్ల పిల్లల ఓపిక కూడా సరిగ్గా అంతే.

శనివారం ఇంకో స్కూల్‌కి వెళ్లాం. ఫీజు కంటే ముందే "మట్టి ఎక్కడుందండీ?" అని అడిగేసింది అక్క. వాళ్లు బిత్తరపోయి మూలనున్న కొబ్బరిచెట్టు చూపించారు. దాని మొదలు దాకా టైల్సే. "ఈ నాలుగు టైల్స్ తీయించగలరా?" అంది. మేనేజ్‌మెంట్‌ని అడిగి ఫోన్ చేస్తామన్నారు. ఇంకా రాలేదు.