పాట మనదే, మరి కాగితం?



పోస్టు జర పొడుగ్గ ఉంటది, తీరిక ఉన్నప్పుడే చదవండి. తీజ్ దగ్గర పడుతుంది. దేవరకొండ, డిండి, చందంపేట దిక్కు చూసినా, ఇటు ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు చూసినా ప్రతి తండాల ఇద్దరో ముగ్గురో పిలగాళ్లు కొత్త పాట రికార్డు చేసే పనిలో ఉన్నరు. గ్రూపుల రోజుకో ప్రోమో వస్తుంది. సంతోషమే. అయితే ఈ మధ్య రెండు మూడు టీముల వాళ్లు తాము సంతకం పెట్టిన ఒప్పందాల ఫోటోలు మాకు పంపిండ్రు. చదివి ఏమన్నా తప్పుందా చెప్పమన్నరు. అవి చదివినంక ఈ పోస్టు రాయక తప్పలేదు.

అన్నింట్ల ఒకటే మాట. పాట మీద సమస్త హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న మాధ్యమాల్లో, ముందు ముందు వచ్చే మాధ్యమాల్లో కూడా, చానల్‌కే. బదులుగా వచ్చేది స్టూడియో ఖర్చు, దాని మీద కొన్ని వేలు. రాసినోళ్ల పేరు దగ్గర "జానపదం" అని ఉంది. రాసిన తమ్ముడు మన గ్రూపులనే ఉన్నడు. డిగ్రీ చదువుతున్నడు. అతను జానపదం ఎట్ల అయితడో మాకు సమజ్ కాలేదు.

దీని గురించి మాట్లాడాలంటే మేం ఇంగ్లండు నుంచి మొదలుపెడుతున్నం. నవ్వకండి, కారణం ఉంది.

బీటిల్స్ పేరు ఎక్కువ మంది విన్నరు, కథ తెలిసినోళ్లు తక్కువ. లివర్‌పూల్ అనే ఓడరేవు ఊరి పిలగాళ్లు నలుగురు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. హారిసన్ తండ్రి బస్సు కండక్టరు. రింగో పుట్టింది ఊర్ల పేదోళ్లుండే వాడల. పేరు రాకముందు 1960 నుంచి జర్మనీల హాంబర్గ్ పోయి అక్కడి క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించిండ్రు. మన పిలగాళ్లు పెళ్లి బరాతుల తెల్లారేదాకా డీజే కాడ నిలబడ్డట్టే అనుకోండి. 1962 మొదట్ల డెక్కా అనే పెద్ద కంపెనీ వాళ్లను వద్దన్నది. అదే ఏడు ఈఎంఐ తీసుకున్నది, అక్టోబర్‌ల మొదటి రికార్డు వచ్చింది. 1964 ఫిబ్రవరిల అమెరికా టీవీల పాడితే 7 కోట్ల 30 లక్షల మంది చూసిండ్రు. అదే ఏడు ఏప్రిల్ మొదటి వారంల అమెరికా పాటల పట్టికల మొదటి ఐదు స్థానాలూ వాళ్లవే. 1966 ఆగస్టు తర్వాత డబ్బుల కోసం స్టేజీ ఎక్కుడే మానేసిండ్రు. 1970 వచ్చేసరికి విడిపోయిండ్రు. మొత్తం కలిపి చూస్తే రికార్డుల జీవితం ఎనిమిదేళ్లు, అంతే. అరవై ఏళ్లయినా ఆ పాటలు ఇంకా అమ్ముడుపోతనే ఉన్నయి.

ఇదంతా ఏ పుస్తకంల చూసినా ఉంటది. మాకు కావలసింది దీని వెనక ఉన్న కాగితం కథ.

ఈఎంఐతో వాళ్ల మొదటి ఒప్పందం ప్రకారం ఒక రికార్డు అమ్ముడైతే వచ్చేది ఒక్క పెన్నీ. ఆ పెన్నీనే నలుగురు, మేనేజరు పంచుకోవాలె. ఇది సగమే. రికార్డు వేరు, పాట వేరు. పదాలకు, బాణీకి వేరే హక్కు ఉంటది. ఎవరు పాడినా, ఎక్కడ వాడినా ఆ హక్కు ఉన్నోళ్లకు డబ్బులొస్తయి. 1963ల లెనన్, మెకార్ట్నీ రాసే పాటల కోసం నార్తర్న్ సాంగ్స్ అని ఒక కంపెనీ పెట్టిండ్రు. అందుల పాటలు రాసే ఇద్దరికీ తలా ఇరవై శాతం. పెద్ద వాటా డిక్ జేమ్స్ అనే పబ్లిషరు, అతని భాగస్వామి దగ్గర ఉండె. ఏం సంతకం పెడుతున్నమో తెల్వకుండనే పెట్టినమని మెకార్ట్నీ తర్వాత చాలాసార్లు చెప్పిండు. అప్పటికి వాళ్ల వయసు మన పిలగాళ్ల వయసే, ఇరవై, ఇరవై రెండు. 1969ల డిక్ జేమ్స్ తన వాటాను ఏటీవీ అనే కంపెనీకి అమ్మేసిండు. రాసినోళ్లు కొనుక్కోవాలని చూసిండ్రు గానీ చేతికి రాలేదు. 1985ల ఆ ఏటీవీ పాటల మూటను మైకేల్ జాక్సన్ 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నడు. పాటల హక్కుల్లో ఎంత సొమ్ముందో జాక్సన్‌కు చెప్పింది మెకార్ట్నీనే, ఇద్దరూ కలిసి పాడే రోజుల్లో. ప్రపంచంల అందరికంటే పేరున్న మనిషి, తన ఇరవై ఏండ్లప్పటి సంతకం కోసం 2017ల కూడా కోర్టు మెట్లెక్కిండు. ఆఖరికి రాజీ చేసుకున్నరు.

ఇంకో సంగతి మనకు ఇంకా దగ్గరిది. హారిసన్‌కు మన దేశం సంగీతం మీద ఇష్టం, పండిట్ రవిశంకర్ దగ్గర సితార నేర్చుకున్నడు. 1966ల వచ్చిన రివాల్వర్ అనే రికార్డుల ఒక పాటకు అనిల్ భాగవత్ అనే ఆయన తబలా వాయించిండు, అట్ట మీద ఆయన పేరు వేసిండ్రు. మరుసటేడు సార్జెంట్ పెప్పర్ వచ్చింది. అందుల హారిసన్ పాటకు లండన్‌ల ఉండే భారతీయులు దిల్‌రుబా, తంబురా, తబలా వాయించిండ్రు. అట్ట మీద ఒక్కరి పేరు లేదు. వాళ్లు ఎవరో లోకానికి తెలిసేసరికి యాభై ఏండ్లు పట్టింది. ఒకటే బ్యాండు, ఒకటే మనిషి పాట, ఒక్క ఏడాది తేడా. పేరు ఉంటే ఉన్నట్టు, లేకుంటే ఆ మనిషి వాయించనట్టే.

ఇగ మన దగ్గరికొద్దాం.

2021 సెప్టెంబర్ 2న భీమ్లా నాయక్ సినిమా పాట వచ్చినప్పుడు మన గ్రూపులన్నీ ఊగిపోయినయి. హీరో పేరు మనోళ్ల పేరు. ఆ పాట మొదట్ల వినిపించే గొంతు నల్లమల అంచుది. దర్శనం మొగిలయ్య గారిది, లింగాల మండలం అవుసలికుంట, పాత పాలమూరు జిల్లా. ఆయన మన తెగ కాదు, డక్కలి కులం. ఎస్సీల్లోనే అందరికంటే వెనకబడ్డ చిన్న కులాల్లో ఒకటి. కానీ ఆ కిన్నెర మోగని తండా మన దిక్కు లేదు. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనం పెట్టి చేసిన 12 మెట్ల కిన్నెర. దాని మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడుతుంటే మన తాతలు కూడా తెల్లారేదాకా కూసున్నోళ్లే. 2022ల పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు కొత్తగూడెం దిక్కు కోయ పాటగాడు సకిని రామచంద్రయ్య గారికీ వచ్చింది. అంతకు ముందేడు ఆదిలాబాద్ గుస్సాడీ కనకరాజు గారికి. మొగిలయ్య గారికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగ ప్రకటించింది.

2024 మే నెలల అదే మనిషి తుర్కయంజాల్‌ల ఇల్లు కట్టే కాడ కూలి పని చేస్తున్న వీడియో వచ్చింది. నెలనెలా వచ్చే పదివేలు ఆగిపోయినయని ఆయనే చెప్పిండు. మన గ్రూపుల ఆ రోజు రెండు వందల మెసేజులు. సగం మంది అయ్యో పాపం అన్నరు. ఇంకో సగం ఆ ప్రభుత్వమా ఈ ప్రభుత్వమా అని కొట్లాడుకున్నరు. కోటి రూపాయలు ఏం చేసిండని అడిగినోళ్లు కూడా ఉన్నరు. ఆ మాట మాకు బాగా కోపం తెప్పించింది. పిల్లల పెండ్లిళ్లకు, జాగకు, ఇంటికి ఖర్చయినయి అన్నడు. పెద్ద కుటుంబం ఉన్న పేదోని ఇంట్ల డబ్బులు ఇట్లనే పోతయి గదా, ఎవరికి తెల్వదు?

ఆ రెండు వందల మెసేజుల్లో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. ఆ గొంతు కోట్ల సార్లు మోగింది. మోగినప్పుడల్లా ఆయనకు ఎంతో కొంత రావాలె గదా? సన్మానం, శాలువా, బహుమతి, పింఛను, ఇవన్నీ ఇచ్చేటోళ్ల దయ. ఇయ్యాల ఇస్తరు, రేపు ఆపుతరు, మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తరు. హక్కు అట్ల కాదు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా వస్తనే ఉంటది. కళాకారుడు అంటే ఆదుకోవాల్సిన మనిషి అనే ఆలోచన మన బుర్రల నుంచి పోకుంటే మన పిలగాళ్లకు కూడా ఆఖరికి శాలువానే మిగులుతది.

చట్టం మనకు తెల్వదు గానీ, మరీ మనకు వ్యతిరేకంగా ఏం లేదు. మేం ఒక వకీలు అన్నను అడిగి, మేం కూడా చదివి తెలుసుకున్న సంగతులు ఇవి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఇచ్చుడు అంటే రాత మూలంగ, సంతకంతోనే. నోటి మాటతో హక్కు పోదు. కాగితంల ఎన్నేండ్లని రాయకుంటే ఐదేండ్లే. ఎక్కడెక్కడని రాయకుంటే మన దేశం వరకే. అందుకే ఆ ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని అంత పట్టుపట్టి రాస్తరు. ఆ రెండు మాటలు కొట్టేయించగలిగితే సగం పని అయినట్టే. 2012ల చట్టం మార్చినప్పుడు ఇంకో మంచి పని చేసిండ్రు. సినిమాల, రికార్డుల వాడే పాట రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు తమ రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప వేరేవాళ్లకు రాసిచ్చినా అది చెల్లది. పాడినోళ్లకు, వాయించినోళ్లకు కూడా వ్యాపారానికి వాడితే వాటా ఉంటదని పెట్టిండ్రు. రచయితలకు, సంగీతం కట్టేవాళ్లకు ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది. మన రెండు జిల్లాల తండాల నుంచి అందుల సభ్యత్వం తీసుకున్నోళ్లు ఉంటే చెప్పండి, మాకైతే ఒక్కరు కూడా తగల్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచిపెట్టి లాభం లేదు. కొత్తగా రాసిన పాటకు రాసినోడు ఉంటడు. మరి నాయనమ్మ నోటి నుంచి వచ్చిన పాటకు ఎవరు? 2021ల లవ్ స్టోరీ సినిమాల సారంగ దరియా వచ్చినప్పుడు ఈ లొల్లే అయింది. పాడింది మంగ్లి, అనంతపురం జిల్లా తండా బిడ్డ, మనోళ్లకు గర్వం. రాసింది సుద్దాల అశోక్ తేజ గారు, మన పాత నల్లగొండ జిల్లా సుద్దాల హన్మంతు గారి కొడుకు. ఆ పాటను తాను సేకరించి టీవీల పాడిన అని వరంగల్ దిక్కు కోమల ముందుకొచ్చింది. చివరికి దర్శకుడు ఆమె పేరు చెప్పి సర్దుబాటు చేయాల్సి వచ్చింది. ఎవరి తప్పు ఎంత అనేది మేం తేల్చం. ముగ్గురూ మనకు కావలసినోళ్లే. కానీ ఒకటి గమనించండి. ఆ కొట్లాటల కూడా కోమలకు పాట నేర్పిన ముసలామె పేరు మీద చర్చ జరగలేదు.

మనకు ఇది రేపటి సమస్య కాదు, ఈ తీజ్ సమస్యే. గోధుమ బుట్టల కాడ తొమ్మిది రోజులు పాడే పాటలు, పెండ్లిల పిల్ల ఏడ్చుకుంట పాడే ఢావ్లో, ఇవన్నీ మన యాడీల గొంతుల్లో ఉన్నయి. గోర్ బోలికి లిపి లేదు, కాబట్టి ఎక్కడా రాసి లేదు. ఒక చానల్ ఆ పాటను తన పేరు మీద ఎక్కించి, ఆ తర్వాత ఇంకో తండా పిల్ల అదే పాట పాడితే ఆమె వీడియో మీద హక్కు నాదని నోటీసు పడుతది. ఇట్ల జరిగిన కేసులు మా దగ్గర రెండున్నయి. పాత పాట ఎవరి సొత్తూ కాదు. వాళ్లకు హక్కు ఉండేది వాళ్లు చేసిన రికార్డు మీద, వాళ్లు కొత్తగా కలిపిన దాని మీద మాత్రమే. నోటీసు వస్తే భయపడి వీడియో తీసెయ్యకండి, వివాదం పెట్టే అవకాశం అక్కడనే ఉంటది.

కొందరు అన్నలు ఒక మాట అంటున్నరు. "మనకు ఐదువేల వ్యూసు వస్తే గొప్ప. కాగితం గీగితం అంటే చానలోళ్లు వేరే టీమును తీసుకుంటరు. ముందు పేరు రానీ, హక్కుల సంగతి తర్వాత చూద్దాం." నిజమే, ఇది ఉత్త మాట కాదు. ఉపాధి కూలికి పోయే ఇంటి పిలగానికి ఐదువేలు చిన్న సొమ్ము కాదు. అతన్ని సంతకం పెట్టొద్దనే హక్కు మాకు లేదు. కానీ లివర్‌పూల్ పిలగాళ్లు కూడా ముందు పేరు రానీ అనుకున్నోళ్లే. ఇంకొకటి, చానలోడు వేరే టీము దగ్గరికి పోతడు అంటున్నరు గదా, ఆ వేరే టీము కూడా ఈ గ్రూపులనే ఉంది. అందరం ఒకటే మాట మీద ఉంటే వాడు ఎవరి దగ్గరికి పోతడు?

ఇంకో రకం వాదన పెద్దమనుషులది. పాట తండాది, దాని మీద పైసలు సంపాదించుడే తప్పు అంటరు. మేం ఒప్పుకోం. పాట మీద పైసలు ఎట్లయినా ఎవరో ఒకరు సంపాదిస్తున్నరు. మనం వద్దంటే ఆ పైసలు తండాల ఆగవు, హైదరాబాద్ పోతయి.

చానల్ పెట్టుకోవచ్చు గదా అని అడుగుతరు. పెట్టుకోవచ్చు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల నాలుగువేల గంటల వీక్షణ ఉంటే యాడ్స్ పైసలొస్తయి. తండాకో చానల్ అంటే ఎవరికీ అది దాటది. పది తండాల టీములు కలిసి ఒకటి పెడితే దాటుతది. ఆ పైసలు ఎట్ల పంచుకోవాలె అనే కాగితం ముందే రాసుకోవాలె. మనోళ్ల మధ్య కాగితం ఎందుకు అనొద్దు. మనోళ్ల మధ్యనే ముందు కావాలె.

గోర్ బోలిల పాటకు ముందు "ఈ పాట ఫలానా తండా ఫలానా యాడి దగ్గర నేర్చుకున్నం" అని పేరు, ఆమె ఒప్పుకుంటే ఫోటో, వేసుడు ఈ తీజ్ నుంచే మొదలుపెట్టొచ్చు. దానికి ఏ చానల్ అనుమతీ అక్కర లేదు.

తెలుగుల ఒక పేజీ ఒప్పందం నమూనా తయారు చేస్తున్నం. ఐదేండ్ల గడువు, రాసినోళ్ల పేరు, పాడినోళ్ల పేరు, వాయించినోళ్ల పేరు, వ్యూసు పైసల్లో వాటా, అంతే ఉంటది. వకీలు అన్న చూసినంక గ్రూపుల పెడతం. అప్పటిదాకా ఎవరన్నా సంతకం పెట్టమంటే "రెండు రోజుల టైము ఇయ్యండి" అనండి, కాగితం ఫోటో తీసి మాకు పంపండి. మీ పేరు, చానల్ పేరు కొట్టేసి పంపినా సరే. ఇప్పటికే సంతకం పెట్టినోళ్లు కూడా పంపండి, ఎన్నేండ్లని రాసిందో ముందు అది చూద్దాం.