బర్మా టేకు - మన పద్దులు

రంగూను రేవునుండి మన తీరమునకు వచ్చెడి టేకు పూర్వముకంటె హెచ్చినదా, తగ్గినదా యని యడుగువారికి అంకెల పట్టిక చూపి తృప్తిపఱచువారు కలరు. ఆ పట్టికను నమ్ముటకు ముందు, అందలి కొలత యెట్టిదో విచారింపవలసియున్నది.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా హిందూదేశమునుండి వేఱుచేయబడెను. అంతవఱకును రంగూనునుండి మద్రాసునకు వచ్చిన దుంగ యొక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు వచ్చిన సరకు. ఆనాటినుండి అదే దుంగ, అదే యోడలో, విదేశీ సరకయ్యెను. ఈ రెండు కాలముల యంకెలను ఒకే వరుసలో నిలిపి వృద్ధిక్షయములు నిర్ణయించుట యెట్లు?

అంతకంటె పెద్ద చిక్కు టన్నులో నున్నది. బర్మాలో దుంగలను హాపస్ టన్నుతోను, కోసిన కొయ్యను ఘనపు టన్నుతోను కొలుతురు. మొదటిది ఇంచుమించు 1.8 ఘనమీటర్లు, రెండవది 1.42 ఘనమీటర్లు మాత్రమే. రెండును టన్నులే! దుంగను కోసినచో సుమారు సగమే పలకలగునందురు. తక్కినది చెక్కును రంపపుపొట్టును. అనగా 100 టన్నుల దుంగలనుండి వచ్చునది 64 టన్నుల పలకలు. 2014 ఏప్రిల్ 1 నుండి బర్మా దుంగల యెగుమతిని నిషేధించి, కోసిన కొయ్యనే పంపజొచ్చెను. అప్పటినుండి టన్నులు తగ్గినవి కాబట్టి అడవి యంతమేర బ్రతికినదని వాదించుట చెల్లదు.

మఱియు పచ్చిటేకు నీట తేలదు. అందుచే చెట్టు మొదట చుట్టును గాటుపెట్టి, నిలువుననే సుమారు మూడేండ్లు ఎండనిచ్చి, పిదప పడగొట్టి యేటిలో విడుచుట అచ్చటి పద్ధతి. కావున ఒక యేటి యెగుమతి ఆ యేటి గొడ్డలికి సాక్ష్యము కాదు.

దుంగల లెక్క అల్పవిషయమని యెవ్వరును తలంపరాదు. 1885లో బొంబాయి బర్మా వర్తక సంఘము దుంగలను తక్కువగా లెక్కచూపినదని మాండలే కొలువువారు 23 లక్షల రూపాయల జరిమానా విధింపగా, ఆ తగవే నెపమై ఆంగ్లేయులు దండెత్తి తీబా రాజును పదభ్రష్టుని గావించిరి. ఆ వర్తకములో మనవారి చెమటయు గలదు. రంగూను రేవులోను మిల్లులలోను పాటుపడిన తెలుగు కూలీలను, కోరంగి రేవు పేరిట, బర్మీయులు కోరంగీలనిరి. 1942లో వేలకొలది జనులు కాలినడకను తిరిగివచ్చినపుడు వారి కూలి నేపట్టికయు లెక్కింపలేదు.

ఇక మన సంగతి. 1996 డిసెంబరు 12న మన సుప్రీముకోర్టు, ఆమోదింపబడిన ప్రణాళిక లేక అడవులను నఱకరాదని శాసించెను. మెచ్చదగిన తీర్పే. కాని మన యిండ్ల ద్వారబంధములు తగ్గలేదు. విదేశపుటడవులమీద భారము హెచ్చినది. 2021లో బర్మాలో సైనికులు ప్రభుత్వమును చేజిక్కించుకొనినపిమ్మట అమెరికాయు, ఐరోపా సమాఖ్యయు అచ్చటి ప్రభుత్వ కలప సంస్థపై ఆంక్షలు విధించినవి. మన వర్తకులు కొనుట మానలేదు.

మన వాణిజ్యశాఖవారు ఇకనైనను దుంగలను, పలకలను వేఱువేఱుగ, ఘనమీటర్లలో, పుట్టిన దేశముతోడను, కోసిన దేశముతోడను ప్రతిసంవత్సరము ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలయును. పలకలకు సరిపడు దుంగల పరిమాణము నాప్రక్కనే వ్రాయించుటకు ఒక గుమాస్తా చాలును.