కీబోర్డు లేని బొమ్మ వేసి అమ్మండి చూద్దాం

ఊడదీసి తగిలించుకునే కీబోర్డు ఉన్న టాబ్లెట్ ప్రకటన ఏదైనా తీసుకోండి. అందులో టాబ్లెట్ ఒక్కటే ఉన్న బొమ్మ దొరుకుతుందేమో వెతకండి. నా కంటపడ్డ ప్రతి ప్రకటనలోనూ కీబోర్డు తగిలించే ఉంది. కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఒక అమ్మాయి చకచకా టైపు చేసేస్తుంటుంది. అట్టడుగున మాత్రం చీమ తలకాయంత అక్షరాలు: కీబోర్డు విడిగా కొనుక్కోవాలి. దీన్ని వ్యాపార నైపుణ్యం అంటున్నారు. నేను పచ్చి మోసం అంటాను. మంచం అమ్మి, నులక వేరే కొట్లో కొనుక్కో పొమ్మనడం లాంటిదిది.

ఈ పాపం కొత్తది కాదు. 2012 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌ను చూపించినప్పుడు అందరి నోటా నానింది ఆ కీబోర్డు కవరే. అయస్కాంతంతో 'టక్'మని అతుక్కునే ఆ చప్పుడు మీదే, డాన్సర్లతో గెంతులు వేయించి మరీ టీవీ ప్రకటన తీశారు. అక్టోబరులో సరుకు అంగడికొచ్చింది. ధర 499 డాలర్లు. అందులో 'టక్' లేదు. అది కావాలంటే 599. తర్వాత తీరిగ్గా విడిగా కొంటే ఆ కవరుకే దాదాపు 120. మరుసటి ఏడాది జులైలో, అమ్ముడుపోని ఆ మొదటి సర్ఫేస్‌ల కింద ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. పాత విండోస్ ప్రోగ్రాములు అందులో నడవకపోవడం దగ్గర్నుంచి కారణాలు చాలా ఉన్నాయి. కీబోర్డే కొంప ముంచిందని అనను. కానీ అంత దెబ్బ తిన్నా బుద్ధి మారలేదు. 2014లో సర్ఫేస్ ప్రో 3 తెచ్చి, ఇక ల్యాప్‌టాప్ అక్కర్లేదని ఊదరగొట్టారు. కీబోర్డు మళ్లీ విడిగానే.

ఆపిల్ వాళ్లదైతే మరీ వినోదం. టోస్టర్‌నూ ఫ్రిజ్‌నూ కలిపేయొచ్చు గానీ వాడేవాడికి అది రుచించదని, టాబ్లెట్-ల్యాప్‌టాప్ కలయికను 2012లో ఆ కంపెనీ అధిపతి హోదాలో టిమ్ కుక్ ఎద్దేవా చేశారు. మూడేళ్లు దాటాక 2015లో ఐప్యాడ్ ప్రోకి కీబోర్డు తగిలించి, దానికి వేరేగా 169 డాలర్లు పుచ్చుకున్నారు. 2020 నాటికి పెద్ద ఐప్యాడ్ ప్రోకి వచ్చిన మ్యాజిక్ కీబోర్డు వెల 349. అదే ఏడాది అదే కంపెనీ అమ్మిన మామూలు ఐప్యాడ్ 329! తోక ఖరీదు గుర్రాన్ని మించిపోయింది. కొన్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా, అది వేరే సంగతి.

నేనూ ఒకటి కొన్నాను, వేరే కంపెనీది. పెట్టె విప్పితే టాబ్లెట్, ఛార్జరు, ఎవరూ చదవని కాగితం ముక్క. "కీబోర్డేది బాబూ?" అంటే, "అది సెపరేట్ సార్" అన్నాడు కొట్లో కుర్రాడు. "బొమ్మలో ఉందిగా?" "బొమ్మలో ఉంటది సార్." వాడిమీద కోపం రాలేదు, వాడు చెప్పింది అక్షరాలా నిజం. టాబ్లెట్ ధరలో మూడో వంతు మళ్లీ చెల్లించి కీబోర్డు తెచ్చుకున్నాను. బల్ల మీద పెడితే బాగానే ఉంది, మీటలు మెత్తగా పలుకుతున్నాయి. ఒళ్లో పెట్టుకుంటేనే తంటా. బరువంతా టాబ్లెట్‌లోనే ఉంది, కీబోర్డు చూస్తే అట్టముక్కంత పల్చన. వెనక ఊతం మోకాళ్ల దగ్గరికి జారుతుంది. కాస్త గట్టిగా నొక్కితే మధ్యలో అతుకు వంగుతుంది, కింద వరసగా ఉన్న లోహపు చుక్కలు అంటీ అంటనట్టు తగిలి, సగం మాట దగ్గరే టైపింగు ఆగిపోతుంది. రైల్లో కూర్చుని దీనిమీద వ్యాసం రాసేవాడెవరైనా ఉంటే వాడికో దండం.

తెలుగు రాసేవాడికి ఇంకో వడ్డన. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగై పడే సౌకర్యం నా దానిలో కీబోర్డు తగిలించగానే మాయమైంది. ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు ఉండే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరిక ఎప్పట్నుంచో ఉంది. కానీ ఇంత డబ్బు పోసి కొన్న మీటల మీద ఒక్క తెలుగు అక్షరం అచ్చు వేసిన పాపాన పోలేదు.

అందరికీ కీబోర్డు అక్కర్లేదు, ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తున్నాం అంటారు కంపెనీల వాళ్లు. మహబాగు. అక్కర్లేనివాడి కోసం కీబోర్డు లేని బొమ్మ వేయండి. పెట్టెలో పెడితే ధర పెరుగుతుందంటారా? 2020లో లెనోవో తెచ్చిన క్రోమ్‌బుక్ డ్యూయెట్ వెల 279 డాలర్లు. కీబోర్డూ, నిలబెట్టే కవరూ పెట్టెలోనే ఇచ్చింది. చౌకబారు సరుకులో సాధ్యమైంది ఖరీదైన సరుకులో ఎందుకు కాదు? లాభం అక్కడే దాగుంది కాబట్టి. ఆ మాట ఒప్పుకోరు.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. చెప్పే గొప్ప ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, అదే ఫాంటులో, కంటికి ఆనేలా ఉండాలని అందులో ఉంది. తెలుగు పేపర్లో తెలుగులో ఊరించి, షరతు మాత్రం ఇంగ్లీషులో, అదీ భూతద్దంలోంచి చూస్తే తప్ప కనిపించనంతగా అచ్చు వేసేవాళ్లను ఇంకా ఎందుకు ఊరుకుంటున్నాం? ఈసారి అలాంటి ప్రకటన కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇప్పటికే కొని ఉంటే పెట్టె పారేయకండి, దాని మీది బొమ్మే మీ సాక్ష్యం.