మోటారు సైకిలుకూ ఔచిత్యం

మార్కాపురం పలకకు ముసలితనం లేదు. అన్న దిద్దిన అక్షరాలను తుడిచి, దానిమీదనే తమ్ముడు ఓనమాలు దిద్దుకుంటాడు. అట్టి పలకలను దేశదేశాలకు పంపిన సీమకు, ఒకరు వాడిన వస్తువును మరొకరు వాడుకొనడంలో చిన్నతనం లేదని కొత్తగా బోధింప నక్కరలేదు.

ఇప్పుడీ అలవాటు మోటారు సైకిళ్లకూ వచ్చినది. గిద్దలూరు నుండి నల్లమల కనుమ దాటి నంద్యాలకు గాని, దోర్నాల మీదుగా శ్రీశైలానికి గాని దూరప్రయాణం చేయదలచిన యువకుడు కొత్త సామగ్రి ధరలు విని వెనుకాడుతాడు. ఒకరు వాడి విడిచిన సంచులు, సామాను చట్రం, గాలితెర, దీపాలు కొని తన బండికి అమర్చుకుంటాడు. దీనిని పిసినారితనమని గాని, కుర్రతనపు సోకని గాని కొట్టివేయరాదు. ఎరిగి వాడుకొన్నంతవరకు అది వివేకమే. అయితే ఆ ఎరుకలోనే ఉన్నది చిక్కంతా.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దంలో కాశ్మీర కవి క్షేమేంద్రుడు సిద్ధాంతం చేశాడు. తగని చోట పెట్టిన నగ అందం తేకపోగా నవ్వులపాలు చేస్తుందన్నది ఆయన భావం. కావ్యంలో ఔచిత్యం తప్పితే నవ్వుతో సరిపోతుంది. కనుమదారిలో తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

సంచికి చిరుగుంటే కంటికి కనబడుతుంది. చట్రానికి అతుకు వదిలితే చేతికి తెలుస్తుంది. ఇట్టివి పరీక్షించి కొనవచ్చు. బరువును రెండు ప్రక్కలా సమంగా, వీలైనంత క్రిందుగా కట్టుకొనవలె.

హెల్మెట్ సంగతి వేరు. పలక బీట వారితే, వ్రేలితో తట్టగానే మ్రోత చెబుతుంది. హెల్మెట్ అట్లా చెప్పదు. దెబ్బను తన మీద వేసుకొనేది లోపలనున్న బెండువంటి పొర. అది ఒక్కసారి నలిగితే మళ్ళీ కోలుకోదు. పైపెంకు మాత్రం నిగనిగలాడుతూనే ఉండవచ్చు. టైరూ అంతే. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచినకొలది రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు అది తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఈ చిన్న సంగతి తెలియక మోసపోయేవారు ఎందరో!

మరికొన్ని కొత్తవైనా తగవు. కళ్లు చెదరగొట్టే దీపం ఎదురువచ్చే సైకిలువానికీ, మందను తోలుకొనివచ్చే గొర్రెల కాపరికీ దారి కనబడనీయదు. 1983 నుండి పులుల అభయస్థానంగా ఉన్న నాగార్జునసాగరం–శ్రీశైలం అడవిలో గుండెలదరగొట్టే సైలెన్సరు కెవరి అనుమతి ఉన్నది? నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టమూ శాసిస్తున్నది.

“డబ్బు లేనివాడు ప్రయాణమే మానుకోవలెనా?” అని కొందరడుగవచ్చు. అక్కరలేదు. సంచులూ చట్రమూ పాతవి కొన్నందువల్ల మిగిలిన సొమ్ముతోనే ఐ.ఎస్.ఐ. ముద్రగల కొత్త హెల్మెట్ కొనవలె. పాతవస్తువుల బేరంలో అసలు లాభం అదే. ఔచిత్యమనగా ఏమని విద్యార్థులు తరగతిలో అడిగినప్పుడు, ఉపాధ్యాయులు కావ్యోదాహరణలతోపాటు ఈ ఉదాహరణ కూడా చెప్పవచ్చు. పాఠం మరచినా, బండి ఎక్కేటప్పుడు గుర్తుకు వస్తుంది.