చక్రాల ఇంటికి ముందుగా కావాల్సింది టీవీ కాదు!

మా ఇంటిముందు వేపచెట్టు కింద రెండు నెలలుగా ఓ బస్సు నిలబడి ఉంది. బస్సంటే మావారికి కోపం. ‘కారవాన్ అనవే’ అంటారు. ముత్తుకూరు పిల్లలు దానికి పెట్టిన పేరు మాత్రం ‘సినిమా బండి’. లోపల హీరోయిన్ ఉందేమోనని మొదటివారమంతా కిటికీల్లోంచి తొంగి చూసిపోయారు. లోపల ఉన్నది నేనూ, నా చేతిలో చీపురూ!

రొయ్యల గుంటల్లో ఈ ఏడు నాలుగు రాళ్ళు మిగిలాయి. అన్నదమ్ములు ముగ్గురూ కూడబలుక్కుని చెన్నై వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన ఈ బండిని కొనుక్కొచ్చారు. నన్ను గానీ, నా తోడికోడళ్ళిద్దర్ని గానీ ఎవరూ అడగలేదు. అడగలేదని అలగడానికి వయసూ లేదు, తీరికా లేదు. ఆ రాత్రే వసారాలో కూర్చుని బండిలోకి ఇంకా ఏమేం కొనాలో జాబితా రాసుకున్నారు. 32 అంగుళాల టీవీ, స్పీకర్లు, రంగుల లైట్లు, ఫ్రిజ్, మడత కుర్చీలు, బొగ్గుల మీద చికెన్ కాల్చుకునే పొయ్యి. చివర్లో నావైపు తిరిగి ‘వంట సామాను సంగతి నువ్వు చూసుకో’ అన్నారు.

ఆ మాట దగ్గరే నాకు చురుక్కుమంది. ఇల్లు కదిలి పెంచలకోన పోయినా, కన్యాకుమారి పోయినా వంటిల్లు మాత్రం నా కొంగుకే ముడిపడి ఉంటుందన్నమాట!

సరే, చూసుకుంటానన్నాను. అయితే వంట సామానుతో మొదలుపెట్టలేదు. మా అత్తయ్యతో మొదలుపెట్టాను.

1994లో అత్తయ్య ఊరివాళ్ళతో కలిసి బస్సులో కాశీ వెళ్ళింది. బస్సు మీద బియ్యం బస్తాలు, గంగాళాలు, కిరసనాయిలు స్టవ్వులు. వెంట ఇద్దరు వంటవాళ్ళు. తిండికి ఏ లోటూ లేదు. లోటల్లా మరొకదానికి. తెల్లవారుజామున ఒకసారి, మళ్ళీ చీకటి పడ్డాక ఒకసారి, ఎక్కడో పొలాల పక్కన బస్సు ఆపేవారట. మధ్యలో ఆడవాళ్ళు ఉగ్గబట్టుకోవాల్సిందే. అందుకని మంచినీళ్ళు తాగడమే మానేశారు. మే నెల ఎండల్లో! తిరిగొచ్చేసరికి అత్తయ్యకు మూత్రంలో మంట, చలిజ్వరం. నెల్లూరు ఆస్పత్రిలో 5 రోజులు ఉంచాల్సి వచ్చింది. ‘విశ్వనాథుణ్ణి బాగా చూశావా అత్తయ్యా’ అని అడిగితే, ‘చూశాలే అమ్మా. దారంతా పొదలు యాడుండాయా అని చూసిందే ఎక్కువ’ అంది.

ఆ మాటకి అప్పట్లో అందరం నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు. ఇప్పటికీ హైదరాబాదు బస్సెక్కే ముందు సాయంత్రం 4 నుంచీ నీళ్ళు ముట్టని ఆడవాళ్ళు నాకు డజనుమంది తెలుసు. అందులో నేనూ ఒకదాన్ని. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది ఆయిల్ కంపెనీలు పెట్టిన నియమమే. మనం వెళ్ళేసరికి దానికి తాళం, తాళంచెవి ఉన్న కుర్రాడు భోజనానికి పోయి ఉంటాడు. సినిమావాళ్ళ సంగతే చూడండి. కారవాన్లు రాకముందు అవుట్‌డోర్ షూటింగుల్లో చెట్ల చాటున, చీరలు అడ్డం పట్టించుకుని బట్టలు మార్చుకునేవాళ్ళమని పాతతరం నటీమణులు ఎంతమంది చెప్పలేదు!

మన రాష్ట్రానికి చక్రాల ఇల్లు కొత్త కూడా కాదు. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించుకుని ఊరూరా తిరిగారు. హరికృష్ణ నడిపేవారు. రోడ్డు పక్కనే ఆయన స్నానం, బండిలోనే పడక అని జనం ముచ్చటగా చెప్పుకున్నారు. నిజంగా ముచ్చటే. కానీ రోడ్డు పక్కన స్నానం మగవాడు చేస్తే నిరాడంబరత. అదే మనం చేయగలమా?

అందుకే మా జాబితాలో మొదటి వరసలో మరుగుదొడ్డి రాశాను. బండిలో అప్పటికే ఒక బుల్లి గది ఉంది. మా చిన్న మరిది ‘అది పీకేసి అక్కడ ఫ్రిజ్ పెడదాం వదినా, దార్లో హోటళ్ళు లేవా’ అన్నాడు. నా చిన్న తోడికోడలు మామూలుగా మెతక మనిషి. ఆరోజు మాత్రం ‘ఫ్రిజ్జులో కూర్చుంటామా ఏంది!’ అనేసింది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

బండిలోని దొడ్డి మన ఇంటి దొడ్డిలాంటిది కాదు. కింద ఓ పెట్టె ఉంటుంది, మాదైతే 20 లీటర్లది. నిండితే పక్క తలుపు తీసి సూట్‌కేసులా బయటికి లాగి, పారబోసి, కడిగి, మందునీళ్ళు పోసి మళ్ళీ పెట్టాలి. అమెరికాలో ఇలాంటి బళ్ళున్నవాళ్ళు పారబోసుకోవడానికి దారి పొడుగునా ప్రత్యేకంగా చోట్లు ఉంటాయట. డాలస్‌లో ఉన్న మా అక్క కూతురు చెప్పింది. మనకు ఆ ఏర్పాటు లేదు కాబట్టి, బస చేసినచోట అడిగి, సెప్టిక్ ట్యాంకున్న దొడ్లో పోయాలి. కాలవల్లో, చెరువుగట్ల మీద పోయడం పాపం, నేరం కూడా. దీనికి కావాల్సినవి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు రెండు జతలు, కడగడానికి విడిగా ఒక పైపు (తాగునీటి పైపుతో ఎప్పుడూ కలపకూడదు, రంగు వేరుగా ఉండాలి), ఆ పెట్టెలో పోసే మందు, ఒక బక్కెట్టు.

‘ఆ పనికి ఎవర్నైనా మనిషిని పెడదాం’ అన్నారు మావారు. ఆయన చెడ్డమనిషి కాదు, అలవాటుగా నోట్లోంచి వచ్చిన మాట. కానీ నేను ఒప్పుకోలేదు. మనిషి చేత మలం ఎత్తించకూడదని 2013లో చట్టమే వచ్చింది. చట్టం రాకపోయినా, మనం షికారుకెళ్ళి చేసింది ఇంకొకరి చేత ఎత్తిస్తామా? మొదటిసారి ఆయనే రబ్బరు తొడుగులు వేసుకున్నారు. ముక్కుకు నా పాత వోణీ కట్టుకున్నారు. రెండోసారి వోణీ అడగలేదు.

తర్వాత నీళ్ళు. మావైపు బోరునీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళే ట్యాంకులో పోస్తే వారంలో పంపు, కుళాయిలు తెల్లగా ఉప్పు పేరుకుని మొరాయించాయి. ఇప్పుడు ట్యాంకులో మంచినీళ్ళే పోస్తున్నాం. తాగడానికి విడిగా 20 లీటర్ల క్యాన్లు రెండు. 100 లీటర్లంటే 100 కిలోలని మనకు తోచదు, బండి టైర్లకు తెలుస్తుంది. అందుకే ఇల్లు మొత్తం బండిలోకి ఎక్కించకూడదు. నేను మొదట 14 గిన్నెలు సర్దాను. గుంతలో పడ్డప్పుడల్లా రథోత్సవంలో తాళాలు మోగినట్టే! ఇప్పుడు చిన్న కుక్కరు, రెండు గిన్నెలు, ఒక పెనం, స్టీలు పళ్ళాలు ఆరు. ఒకదాని మధ్య ఒకటి పాతచీర ముక్కలు. అంతే.

గ్యాసు దగ్గర మాత్రం నవ్వులాట కుదరదు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. లక్నో నుంచి వచ్చినవాళ్ళు. దొంగతనంగా తెచ్చుకున్న సిలిండరే కారణమని రైల్వేవాళ్ళు చెప్పారు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున చేరి కూర్చుంటుంది. చిన్న బండిలో పడుకునేదీ ఆ నేలకు దగ్గర్లోనే. అందుకని ఇంటి సిలిండరు తీసి సీటు కింద తోసేయడం అసలు పనికిరాదు. బయటికి గాలి పోయే తలుపున్న అరలో, కదలకుండా పట్టీతో బిగించిన చిన్న సిలిండరు చాలు. రబ్బరు గొట్టం కొత్తది వేయించండి. బండి నడుస్తున్నంతసేపూ రెగ్యులేటరు కట్టేసి ఉండాలి, వంట బండి ఆగాకే. పొయ్యికీ తలుపుకీ మధ్య మంటలార్పే పొడి సిలిండరు పెట్టండి. అది ఎలా వాడాలో ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కసారైనా చేత్తో పట్టుకుని నేర్చుకోవాలి. మంట మొదట చూసేది మనమే కదా.

ఇక ఆ బొగ్గుల పొయ్యి, జనరేటరు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తర్వాత నిపుణులు తేల్చారు. దానికి వాసన లేదు, రంగు లేదు. దాన్ని పసిగట్టి కూతపెట్టే చిన్న పరికరం దొరుకుతుంది. టీవీ కన్నా చాలా తక్కువ ధరకే. బొగ్గుల పొయ్యి బండి లోపలికి గానీ, ఆ గుడారం కిందికి గానీ రాకూడదని నేను పట్టుబట్టాను. వాన వస్తే చికెన్ మానుకుంటారు, అంతేగా!

కరెంటు లెక్క మా పెద్ద మరిది కూతురు వేసి చూపించింది, పాలిటెక్నిక్ చదువుతోంది. మా బండిలో 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడాలట, అంటే 900. కరెంటు పొయ్యి నిండుగా పెడితే అరగంటకు సరి. రెండు చిన్న ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే 350 లోపే. ‘ఏసీ పెడితే గంట కూడా రాదు బాబాయ్’ అని అది చెప్పగానే మా చిన్న మరిది మొహం చూడాలి. చివరికి ఫ్యాన్లు కొన్నాం, కిటికీలకు దోమతెరలు కుట్టించాం. ఉప్పుగాలి ఊళ్ళో ఉన్నాం కాబట్టి దోమతెర ఫ్రేములకు ఇనుము వద్దన్నాను.

అన్నట్టు, ఈ విషయంలో నాకు అసలు గురువులు మా పోర్టు రోడ్డు లారీ డ్రైవర్లు. కృష్ణపట్నం పోర్టుకు వచ్చే లారీలు రోజుల తరబడి వరసలో నిలబడుతుంటాయి. ఆ క్యాబిన్లే వాళ్ళ ఇళ్ళు. ఒకాయన్ని అడిగితే అన్నీ దించి చూపించాడు. గాలి నింపిన స్టెప్నీ, జాకీ, టైర్లకు అడ్డంపెట్టే చెక్కదిమ్మెలు, బండి లాగడానికి గట్టి మోకు, ఫ్యూజులు, టార్చిలైటు, పట్ట, ఎర్రటి త్రికోణం గుర్తు. ‘అమ్మా, దుప్పటి లేకపోయినా పరవాలేదు, దిమ్మె లేకుండా మాత్రం బండి దిగొద్దు’ అన్నాడు. ఆయన చెప్పినవన్నీ మా జాబితాలోకి వచ్చాయి. మగవాళ్ళ జాబితాలో వాటిలో ఒక్కటీ లేదు మరి!

ఇంకొకటి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయిన సంగతి మావైపు ఎవరూ మర్చిపోరు. ఎక్కడి బళ్ళు అక్కడే ఆగిపోయాయి. అప్పటినుంచీ ఏ ప్రయాణానికైనా రెండు రోజులకు సరిపడా అటుకులు, బెల్లం, వేరుశెనగపప్పు, ఓఆర్ఎస్ పొట్లాలు, అత్తయ్య బీపీ మాత్రలు వారానికి అదనంగా, నాప్‌కిన్లు రెండు ప్యాకెట్లు విడిగా ఒక డబ్బాలో పెడతాను. నాప్‌కిన్లు పెడుతుంటే మావారు అటు తిరిగారు. ఫరవాలేదు, ఇటు కూడా తిరుగుతారు. కొన్న బండి ఆర్సీలో కారవాన్ అని రాసి ఉందో లేదో చూడమని మాత్రం మగవాళ్ళకే అప్పజెప్పాను. మామూలు వ్యానును అనుమతి లేకుండా ఇల్లుగా మారిస్తే చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ.

మొన్న దసరా సెలవుల్లో పెంచలకోన వెళ్ళొచ్చాం. ఇంట్లో వండిన చేపల పులుసు తీసుకెళ్దామా అంటే, కొండకు పోతూ చేపలేమిటని అత్తయ్య కోప్పడింది. చింతకాయ పచ్చడి, పెరుగన్నంతో బయల్దేరాం. బయల్దేరే ముందురోజు రాత్రి ఒక కాగితం మీద గీతలు గీసి బండి తలుపు లోపల అంటించాను. వంట, గిన్నెలు, నీళ్ళు, పెట్టె కడగడం, ఊడ్చడం. ఎదురుగా రోజులు. ఎవరికి నచ్చింది వాళ్ళు రాసుకోమన్నాను. టీవీ కొనాలా వద్దా అన్నది ఆ గళ్ళు నిండాకే మాట్లాడదామన్నాను.

సగం దారి దాటకముందే అత్తయ్య బాటిల్ అడిగింది. సగం గడగడా తాగేసి, ‘ఇంకొంచెం పోయమ్మా’ అంది. గిన్నెల గడిలో మావారి పేరు ఉంది. చిన్న మరిది ఊడ్చడం రాసుకున్నాడు. పెద్ద మరిది గడి ఇంకా ఖాళీగానే ఉంది. టీవీ కూడా ఇంకా రాలేదు.