దస్తర్‌ఖాన్ మధ్యలో పాలక్ పై

మన దావతుల్లో శాకాహారి మెహ్మాన్‌కి దక్కేదేమిటి? ఓ గ్లాసు షర్బత్, నాలుగు పళ్ల ముక్కలు, మహా అయితే పెరుగన్నం. అందరూ బిర్యానీ చుట్టూ కూర్చుంటే ఆయన పక్కకు జరిగి “పర్లేదండీ, ఆకలి లేదు” అంటాడు. అది తకల్లుఫ్ అని మనకు తెలుసు. తెలిసీ ఊరుకుంటాం. దీన్ని ఖాతిర్‌దారీ అనడానికి నాకు మనసొప్పదు.

బగారా బైంగన్ ఉంది, ఖట్టీ దాల్ ఉంది కదా అంటారు. నిజమే, రెండూ లాజవాబ్. కానీ మన ఇళ్లలో వాటి చోటు బిర్యానీ పక్కనే. పక్క సాలన్‌తో కడుపు నింపుకోమనడం వేరు. మధ్యలో ఓ వంటకం పెట్టి “రండి, కలిసి తిందాం” అనడం వేరు. అందుకే నేను పాలక్ పైకి సిఫారసు చేస్తున్నాను. (మా పిల్లలైతే “పాలక్ పైన ఏముంది అమ్మీ?” అని నవ్వుతారు.)

పిండిలో ఆకుకూర పెట్టి కాల్చడం మనకు మరీ పరాయి సంగతేం కాదు. లెబనాన్‌లో పాలక్, ఉల్లి, నిమ్మరసం, సుమాక్ కలిపి మూడు మూలల ఫతాయర్ చేస్తారు. తుర్కీలో పాలక్, జున్ను పెట్టి బోరెక్ చేస్తారు. గల్ఫ్‌లో ఉండి వచ్చిన మనవాళ్లను అడగండి, ఆ రుచి చెబుతారు.

కొనుక్కోవచ్చు కదా అంటే, నాకు షక్. ఇంగ్లాండు పాత పద్ధతిలో పై పిండికి పంది కొవ్వు కలిపేవారు. మెరుపు కోసం పైన గుడ్డు పూస్తారు. కొన్ని చీజ్‌ల తయారీలో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొడతారు. మొదటిది మనకు హరాం. మూడింటిలో ఏదీ మన శాకాహారి దోస్త్ ముట్టడు. ఇంట్లో చేస్తే వెన్న, నిమ్మరసంతో విరిచిన పనీర్, పైన పూయడానికి పాలు చాలు. ఇద్దరికీ బేఫికర్.

ఆరుగురికి 300 గ్రాముల మైదా, 150 గ్రాముల చల్లటి వెన్న, కాస్త ఉప్పు తీసుకోండి. వేళ్ల కొసలతో రవ్వలా నలిపి, ఐదారు పెద్ద చెంచాల చల్లటి నీళ్లతో ముద్ద చేయండి. రొట్టెల పిండిలా పిసకొద్దు, గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. లోపలికి 500 గ్రాముల పాలక్, 200 గ్రాముల పనీర్, రెండు ఉల్లిపాయలు, మిరియాల పొడి, వేయించిన జీరా. అసలు హునరంతా నీళ్లు తీయడంలోనే ఉంది. పాలక్‌ను వేడి మీద మగ్గించి, చల్లార్చి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. లేకపోతే అడుగు పిండి తడిసి ముద్దవుతుంది. మూడింట రెండొంతుల పిండి కింద, మిగతాది పైన పరిచి, అంచులు నొక్కి, ఆవిరి పోవడానికి రెండు గాట్లు పెట్టండి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 40–45 నిమిషాలు. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత వేసి కాల్చండి. పైన అంతగా ఎర్రబడదు, రుచికి లోటుండదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. మాంసం కోసిన ఛురీతో పాలక్ తరగొద్దు. కబాబ్ కాల్చిన ట్రేలో పై పెట్టొద్దు. ఉల్లి తింటారో లేదో ముందే అడగండి. మనం ఎవరింటికైనా వెళ్తే “ఇది హలాలేనా?” అని అడగడానికి ఎంత మొహమాటపడతాం! అడగకముందే వాళ్లే “హలాల్ షాపు నుంచే తెచ్చాం” అంటే దిల్‌కు ఎంత ఇత్మీనాన్! ఆ ఇత్మీనాన్ విలువ మనకంటే ఎవరికి బాగా తెలుసు? దాన్ని మన హమ్‌సాయాలకు ఇవ్వడం మన జిమ్మేదారీ. మన వంటింటి మీద వాళ్లు పెట్టుకున్న భరోసా మన చేతిలో అమానత్.

ఈసారి దావత్‌లో మొదటి ముక్క మెహ్మాన్‌కి వడ్డించి, రెండోది మీ ప్లేట్లో వేసుకోండి. తన కోసం వేరుగా వండి పక్కన పెట్టలేదని, అందరితో కలిపి కూర్చోబెట్టారని ఆయనకు తెలియాలి.